పిలువని పేరంటము

క్రిస్మస్సు పండుగకు మంచు కురిసితీరవలెనని మాకు చిన్ననాటనే ఎవరో నేర్పిరి. ఒంగోలులో డిసెంబరు నెల హాయిగా నుండును. తెల్లవారుజామున ఒక దుప్పటి చాలును. పది గంటలకు ఎండ చురుక్కుమనును. అయినను మేము సరుగుడు కొమ్మ నొకదానిని నరికి తెచ్చి, మట్టికుండలో నిలిపి, దానికి దూది పింజల నంటించి, అదియే మంచని చెప్పుకొనెడివారము. మాకు వచ్చెడి పండుగ కార్డులన్నిటిమీదను మంచు గప్పిన యిండ్లే, మంచులో మునిగిన గుడి గోపురములే. వానిని చూచి చూచి, బేత్లెహేములో గూడ ఆ రాత్రి మంచు కురిసినదనియే చాలకాలము నమ్మితిమి. మంచునందు దూదికుండు వెచ్చదనము లేదని తెలిసికొనుటకు మాకు నలుబదియేండ్లు పట్టినది.

మన భాషలో మంచు అను మాట యొక్కటే. గడ్డిపరకపై నిలుచునదియు మంచే, గడ్డకట్టిన నీరును మంచే, ఆకాశమునుండి రాలునదియు మంచే. హిమమని, తుషారమని, నీహారమని సంస్కృతమునుండి తెచ్చుకొంటిమి గాని, అవి పద్యములలో నుండును, వాకిట నుండవు. మేము కాపురముండు చీక్టోవాగా అను ఊరు అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున బఫెలో నగరము నానుకొని యున్నది. ఇచ్చట మంచు వాకిటనే యుండును. నవంబరులో వచ్చినది మార్చి దాటినగాని పోదు.

ఇందుకు కారణము ఈరీ సరస్సు. ఆ సరస్సు నైరృతినుండి ఈశాన్యమునకు సుమారు 240 మైళ్లు సాగి బఫెలో కడ ముగియును. శీతకాలపు తొలి నెలలలో దాని నీటియందు వేసవి వెచ్చదనము కొంత మిగిలియుండును. చలిగాలి ఆ నీటిపై నిలువున వీచినప్పుడు ఆవిరిని త్రాగి, తీరము చేరగనే దానిని మంచుగా క్రక్కును. గాలి యే వరుస పట్టినదో ఆ వరుసలోని యూళ్లు పూడిపోవును. కొన్ని మైళ్ల ఆవల ఎండ కాయుచుండును. 2022 నవంబరు నడుమ అట్లే మాకు దక్షిణముననున్న గ్రామములలో రెండు మూడు దినములలో దాదాపు 80 అంగుళముల మంచు పడెను. మా వీథిలో నంత లేదు. మా యిరుగుపొరుగువారు దానినిగూర్చి మన యూళ్లలో ముసురునుగూర్చి మాటలాడినట్లే మాటలాడిరి. కావున డిసెంబరు మూడవ వారమున వాతావరణ శాఖవారు గొప్ప తుపాను రానున్నదని హెచ్చరించినప్పుడు మేమంతగా వెరవలేదు. మాకు వేరొక చింత యుండెను. పండుగ విందు.

ప్రతి సంవత్సరము 24వ తేది రాత్రి మా యింట విందు. ఆ యేడు ఇరువదియిద్దరిని పిలిచితిమి. అక్టోబరులో మా అత్తగారు ఒంగోలునుండి వచ్చియుండిరి. డెబ్బదియెనిమిదేండ్ల మనిషి, కొడుకున్న దేశమున ఆమెకది తొలి శీతకాలము. ఆమె యుండుటచే అరిసెలు, చక్రాలు, గవ్వలు ఇంటనే వండితిమి. రోలు లేదు గనుక తడి బియ్యమును మిక్సీలో పట్టి జల్లించుట మా వంతు. పాకము పట్టుటలో మాత్రము ఆమె మమ్మెవరిని దగ్గరకు రానీయలేదు. మా పదునారేండ్ల కుమారుడు కాగితపు నక్షత్రమును కట్టి, అందులో దీపముంచి, పొడుగైన విద్యుత్తీగతో వరండాకు వ్రేలాడదీసెను. కోస్తా యూళ్లలో క్రైస్తవుల యిండ్లను డిసెంబరు మాసమున ఆ నక్షత్రమునుబట్టియే గుర్తింతురు. ఆ నక్షత్రము క్రిందికి ఎవరైనను రావచ్చుననుట మా చిన్ననాటి వాడుక. పాటలవారు అర్ధరాత్రి వచ్చినను తలుపు తీసి, వారిలో నెవరెవరున్నారో చూడకయే టీ కాచి యిచ్చెడివారు. పండుగనాడు పళ్లెములలో అరిసెలు పెట్టి, మీద గుడ్డ కప్పి, హిందువుల యింటికిని సాయబుల యింటికిని పంపుట పిల్లల పని. మేమును మోసితిమి.

మా జాబితాలోని ఇరువదిరెండు పేర్లు ఎట్లు వచ్చినవో దాచక చెప్పవలెను. పైకది స్నేహితుల జాబితా. అందరును తెలుగువారు, అందరును క్రైస్తవులు, అందరును మా బాప్తిస్టు శాఖవారు, వారిలోను మా బంధువులతో వియ్యమందదగినవారు. ఇచ్చటి విశ్వవిద్యాలయమున చదువుకొను గుంటూరు పిల్ల యొకతె యుండెను. వారిది లూథరను సంఘము. కుర్చీలు చాలవను కారణమున ఆ పిల్ల పేరు జాబితానుండి జారిపోయెను. మా నేలమాళిగలో ఆరు మడత కుర్చీలు ఊరక పడియుండెను.

ఇట్టి జాబితా వ్రాయుటకు మేమెవరమో కూడ చెప్పవలసియున్నది. మా మామగారి తాతకు తాత 1878 జూలై మాసమున వేలంపల్లి కడ గుండ్లకమ్మ యేటిలో బాప్తిస్మము పొందినవారిలో నొకడు. అంతకు ముందు రెండేండ్లు ధాత కరవు. ఆ కరవులో జాన్ ఎవరెట్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. కూటికొరకు మతములో చేరిరను మాట రాకుండుటకై కరవు పని సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. పని ముగిసిన పిదప జూలై 3వ తేదిని ఒక్క దినమున 2,222 మందికి ఇచ్చిరి. వారిలో ఎక్కువమంది మాదిగలు. మా పూర్వులును మాదిగలే. ఇంతకు చాల ముందు, ఆయన ఒంగోలు వచ్చిన తొలి దినములలో, మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని పై వర్ణములవారు ఆయనకు తెలిపిరి. ఆయన మాదిగలను చేర్చుకొనెను, వారు రాలేదు.

ఆ క్లౌ దొర 1836లో పుట్టిన ఫ్రూస్‌బర్గు పల్లె ఈ మంచు సీమలోనిదే. మా యింటికి దక్షిణముగా నూరు మైళ్ల లోపుననే యున్నది. మేమీ దేశమునకు వచ్చిన క్రొత్తలో ఒక వేసవిలో పోయి చూచి, ఫోటో తీసి, ఒంగోలులోని చుట్టములందరికిని పంపితిమి. ఒకటి పటము కట్టించి మా హాలు గోడకు తగిలించితిమి. ఆ పటము క్రింద కూర్చుండియే విందు జాబితా వ్రాసితిమి. అప్పుడు మాకేమియు తోచలేదు.

ఇక పొరుగు సంగతి. మా యింటికి కుడిప్రక్కన ఎనుబదియొకటేండ్ల వృద్ధురాలు ఒంటరిగా నుండును. ఆమె పూర్వులు పోలండు దేశమునుండి వచ్చినవారు. చీక్టోవాగాలో అట్టి కుటుంబములు చాల గలవు. ఎనిమిదేండ్ల పొరుగులో మా నడుమ నడచిన మాటలన్నియు వ్రాసినను ఒక పోస్టుకార్డు నిండదు. ఒక యేడు మా విందునకు వచ్చినవారి కార్లు ఆమె దారికడ్డముగా నిలిచినవని ఆమె వచ్చి చెప్పెను. మర్యాదగానే చెప్పెను. మేము దానిని తగవుగా తీసికొంటిమి. అప్పటినుండి ఆమె మా వైపు నడచివచ్చుట చూచినచో కార్ల మాటయే అనుకొనుట మాకలవాటైనది.

23వ తేది శుక్రవారము ఉదయము ఎనిమిది గంటలకు వాన పడుచుండెను. మా చేతులకు మాంసపు మసాలా. తలుపు గంట మ్రోగెను. మా గంటకొక కెమెరా బిగించియున్నది. వచ్చినవారి రూపము ఫోనులో కనబడును. తలుపు తీయవలెనో వద్దో లోపలనుండియే నిర్ణయించుకొనుటకు అదొక సదుపాయము. చూచితిమి. పక్కింటి వృద్ధురాలు, తలపై వాన టోపీ, చేతిలో నేదో సంచి. ఎవరని మా వారు అడిగిరి. “పక్కింటావిడ. కార్ల సంగతి ముందుగానే చెప్పిపోవుటకు వచ్చినట్లున్నది. తీయకండి” అంటిమి. ఆ మాట అన్నది మేమే; ఇంటిలో మరియెవరును కారు. మా అబ్బాయి మా మొగము వంక చూచి ఊరకుండెను. గంట మరల మ్రోగలేదు.

తొమ్మిది గంటల ప్రాంతమున వాన మంచుగా మారెను. గాలి నైరృతినుండి సరస్సు పొడవున తన్నుకొని వచ్చెను. దాని వేగము గంటకు 70 మైళ్లు దాటెనని తరువాత చదివితిమి. కొన్ని గంటలలో ఫారెన్‌హైటు లెక్కన ఇరువది డిగ్రీలకు పైగా చలి పెరిగెను. తొమ్మిదిన్నరకు జిల్లా యంతటను వాహనములు నడపరాదని ఆజ్ఞ వెలువడెను. అప్పటికే అనేకులు పనులకు పోయియుండిరి. మధ్యాహ్నమునకు మా కిటికీనుండి ఎదుటి యిల్లు కనబడుట మానెను. పిమ్మట వీథి, పిమ్మట మా వరండా మెట్లు, పిమ్మట మా నక్షత్రము. తెల్లగోడ నొకదానిని తెచ్చి అద్దమునకు ఆనించినట్లుండెను. అది చీకటి కాదు, వెలుతురు కాదు. ఈ స్థితి ఎడతెగక 37 గంటలు సాగినది. పిలిచినవారు ఒక్కరొక్కరే ఫోను చేసి రాలేమనిరి. ఇరువదియిద్దరికి వండిన చేపల పులుసును, వండబోవు బిరియానిని చూచుకొని కూర్చుంటిమి.

మూడు గంటలకు కరెంటు పోయెను. వేడిదేశమువారికి తెలియని సంగతి యొకటి చెప్పవలెను. ఈ యిండ్లను వెచ్చచేయు ఫర్నేసు గ్యాసుతో మండును గాని, ఆ వేడిని గదులకు చేర్చు పంకా కరెంటుతో తిరుగును. కరెంటు లేనిచో గ్యాసుండియు లాభము లేదు. వంట పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగింపవచ్చును. కాని దానితో ఇల్లు వెచ్చచేసుకొనుటకు పూనినచో విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణము తీయును. కావున గంజి కాచుకొని త్రాగి, పొయ్యి ఆర్పి, నలుగురమును ఒక్క గదిలో చేరి, ఇంటనున్న బొంతలన్నియు, మా అత్తగారి నేతచీరలతో సహా కప్పుకొంటిమి. ఆరు గంటల వేళ ముందు తలుపు దబదబలాడినట్లయ్యెను. గాలి యనుకొంటిమి. అబ్బాయి లేవబోయెను. తలుపు తీసినచో ఉన్న కాస్త వేడియు పోవును, కూర్చుండుమంటిమి.

తెల్లవారునప్పటికి గదిలో 46 డిగ్రీలు. మా అత్తగారు చలి యనలేదు. ఆమె పెదవులు నీలివన్నె తిరిగియుండెను. చేతులు చంకలలో పెట్టుకొని కిటికీ వంక చూచుచుండిరి. కొంతసేపటికి, “అమ్మాయీ, ఆ పక్కింటి పెద్దామె సంగతేమిటి?” అని యడిగిరి. ఆమె యీ దేశపు మనిషి, మంచు ఆమెకు క్రొత్త గాదు, అవసరమైనచో సర్కారు బండి వచ్చునంటిమి. ఆ దినమున అంబులెన్సులే మంచులో చిక్కుకొనియున్నవని అప్పటికే ఫోనులో చదివితిమి; అయినను అట్లంటిమి. ఆమె కొంచెముసేపు ఊరకుండి, “ఇక్కడి మనిషైతే మాత్రం చలి వెయ్యదా? ఒంటి మనిషి. మన ఊళ్లో అయితే ఈపాటికి నాలుగుసార్లు పోయి చూసొచ్చేవాళ్లం గదా” అనిరి. మందలింపు ధ్వని ఏమియు లేదు. ఊరి సంగతి చెప్పిన ధోరణియే. ఇట్టివానికి బదులు చెప్పుట మరింత కష్టము.

మధ్యాహ్నము రెండు గంటలకు మా వారును అబ్బాయియు బయలుదేరిరి. ముందు తలుపు బయటికి తెరచుకొనునది. దానిని మంచు నడుము లోతున అదిమిపెట్టెను. గారేజి ప్రక్క తలుపు లోపలికి తెరచుకొనును గనుక అచ్చటనుండి దిగిరి. నక్షత్రమునకు కట్టిన పొడుగు తీగను విప్పి తెచ్చి, మా వారి నడుమునకు గట్టి, రెండవ కొనను మేము పట్టుకొంటిమి. రెండిండ్ల నడుమ ఎడము పదునైదు ఇరువది అడుగులకు మించదు. మామూలు దినమున నాలుగంగలు. వారు మూడవ అంగలో కనబడకపోయిరి. తీగ మాత్రము చేతిలోనుండి కొంచెము కొంచెముగా జారుచుండెను, ఆగుచుండెను, మరల జారుచుండెను. ఇట్టి పనులు సాహసములని చదువరులు తలపవలదు. ఆ తుపానులో తన యింటినుండి కొంతదూరము నడచి త్రోవ దప్పి పోయినవారున్నారు. పావుగంట తరువాత తీగ బిగుసుకొని రెండుమార్లు లాగబడెను. తరువాత అబ్బాయి దానిని పట్టుకొని తిరిగివచ్చెను. కనుబొమలపై మంచు పేరుకొనియుండెను. “నాయనమ్మను తీసుకురమ్మంటున్నది. లోపల వెచ్చగా ఉంది” అనెను.

పిల్లలు మంచుపై జారియాడు ప్లాస్టిక్కు పలక యొకటి గారేజిలో నుండెను. దానిపై మా అత్తగారిని కూర్చుండబెట్టి బొంతలతో చుట్టితిమి. ఒడిలో అరిసెల డబ్బా వదలలేదు. మా వారితో కూడ వేరొకడు, పొడగరియైన నల్లజాతి యువకుడు, మంచులోనుండి వచ్చి పలక రెండవ కొన పట్టెను. ఎవరని యడుగుటకు అది సమయము కాదు.

ఆమె యింటిలో గోడయందు గ్యాసు చలిమంట యొకటి యున్నది. దానికి కరెంటుతో పని లేదు. మంట ఎదుట బల్ల. బల్లపై తెల్లని గుడ్డ. గుడ్డ క్రింద ఎండుగడ్డి పరచియున్నది, పశువుల తొట్టికి గుర్తుగా. క్రొవ్వొత్తులు వెలుగుచుండెను. కంచములు మూడు. ఇంటనున్నవారు, ఆమెయు ఆ యువకుడును, ఇద్దరే. మేము లోపలికి రాగానే ఆమె, నిన్ననే వత్తురని ఎదురుచూచితినని, చీటీ చూడలేదాయని అడిగెను.

ఏ చీటీ? శుక్రవారము ఉదయము ఆమె మా వాకిట ఉంచిన సంచిలోనిది. అందులో నాలుగు క్రొవ్వొత్తులు, వారు పండుగకు పంచుకొను పలుచని రొట్టె బిళ్ల, ఒక చీటీ యుంచినదట. కరెంటు పోయినచో మీ యింట వృద్ధురాలున్నది గనుక అందరును మా యింటికి రండు, నా చలిమంటకు కరెంటక్కరలేదు, అని ఆ చీటీలో వ్రాసినదట. గంట కొట్టితిని, మీరింట లేరనుకొంటిని అనెను. మేము తల వంచుకొని బూట్లు విప్పుకొనుచుంటిమి. మా అబ్బాయి ఆ మాటను నాయనమ్మకు తెలుగున చెప్పలేదు. ఆమె యడిగినను చెప్పలేదు.

మూడవ కంచము సంగతి భోజనవేళ తెలిసినది. పోలండువారు క్రిస్మస్సు ముందునాటి రాత్రి భోజనమున ఇంటివారికి మించి ఒక కంచము పెట్టుదురు. అది పిలువనివారికి. తలుపు తట్టినవాడెవడైనను అది అతనిది. తొలి చుక్క పొడిచినగాని భోజనమునకు కూర్చుండరు. ఆ రాత్రి చుక్క కనబడు ఆశ లేదు గనుక గడియారము చూచి కూర్చుంటిమి. ఉన్న యొక్క కంచమునకు మేము నలుగురము వచ్చితిమి. ఆమె నవ్వి మరి మూడు తెచ్చెను.

మాంసము వారికా రాత్రి నిషిద్ధము, చేపలు ముఖ్యము. మా యింటనుండి మా వారు మరల పోయి చేపల పులుసు గిన్నె తెచ్చిరి. ఆమె రెండు చెంచాలు రుచి చూచి, కండ్ల నీరు తుడుచుకొని, మరల వడ్డించుకొనెను. మా అత్తగారు ఆమె పెట్టిన ఊరవేసిన క్యాబేజి తిని, “గోంగూరకు చెల్లెలే” అనిరి. భోజనమునకు ముందు ఆమె రొట్టె బిళ్లను చేతబట్టి, ప్రతివారియొద్దకు వచ్చి, తనదానిలో ఒక తునక విరుచుకొమ్మని చాచుచు, వారి మేలు కోరుచుండెను. మా అత్తగారు వెనుదీసిరి. అది కతోలికుల ప్రభు భోజనమేమో, మనము తీసికొనవచ్చునా యని ఆమె శంక. డెబ్బదియెనిమిదేండ్లుగా వినుచు వచ్చిన ప్రసంగములు ఒక్కసారిగా పోవు గదా. అది సంస్కారము కాదు, ఇంటిలో పంచుకొను రొట్టెయే నాయనమ్మా, అని అబ్బాయి చెప్పెను. ఆమె కొంచెమాలోచించి, ఒక తునక విరిచి నోట వేసికొని, డబ్బా తెరచి అరిసె నొకదానిని తీసి, నడిమికి విరిచి సగము ఆమె చేతిలో పెట్టిరి. ఇద్దరికిని మాటలు లేవు. ఒకరి భాష ఒకరికి రాదు. ఎనిమిదేండ్లు ఆమె భాష వచ్చిన మేము ఆ పని చేయలేదు.

ఆ వృద్ధురాలు 1977 సంగతి చెప్పెను. ఆ జనవరి 28వ తేదిని వచ్చిన తుపానును బఫెలోలో ఇప్పటికిని పేరు పెట్టి చెప్పుకొందురు. 29 మంది చనిపోయిరి. విచిత్రమేమనగా అప్పుడు ఆకాశమునుండి పడిన మంచు కొంచెమే. సరస్సు ముందే గడ్డకట్టి, దానిపై వారములకొలది పేరుకొనియున్న మంచును గాలి ఎత్తి తెచ్చి నగరముపై పోసినది. ఆమె భర్త పనినుండి రాలేక ఎక్కడనో చిక్కుపడెను; ఆమె యింట వీథిలో చిక్కుకొన్న ముక్కు మొగమెరుగనివారు ఏడుగురు నాలుగు దినములు పండుకొనిరి. ఆమె భర్తకు వేరెవరో అన్నము పెట్టిరి. ఆ వసంతముననే గోడలో చలిమంట పెట్టించితిమని చెప్పెను. ఆ కంచము మా తల్లి దినములలో వట్టి ఆచారము, తరువాత కాదు, అనెను.

ఆ యువకుడు ఇండ్లకు ఆహారము చేరవేయువాడు. శుక్రవారము సాయంకాలము వీథి మలుపున అతని కారు కూరుకుపోయెను. ఇంజను నడిపినచో పొగ లోనికి వచ్చును, ఆపినచో చలి. దిగి నడచెను. చేతులు తిమ్మిరెక్కెనట. మూడు తలుపులు తట్టితిని, తీయలేదు. నాల్గవది తీసిరి, అని చెప్పెను. నిష్ఠురముగా చెప్పలేదు, చేతులు మంటకు చాచుకొని చెప్పెను. ఆ మూడింటిలో మాదొకటియా యని మేమడుగలేదు. అతడు చెప్పలేదు. మలుపునుండి వచ్చునప్పుడు మా యిల్లు ఆమె యింటికి ముందే వచ్చును.

సోమవారమునకు కరెంటు వచ్చెను. బిరియాని ఆమె యింటనే పండుగనాడు వండి తింటిమి. ఆ యువకుడు ఆదివారము రాత్రి ఇంటికి ఫోను చేయగలిగి తల్లితో మాటలాడెను. తరువాతి దినములలో లెక్కలు తెలిసినవి. మా యింటికి కొన్ని మైళ్లలోనున్న విమానాశ్రయమున 51.9 అంగుళముల మంచు కొలిచిరి. మా ప్రాంతమున 40 మందికి మించి చనిపోయిరి. కొందరు కార్లలో, కొందరు వీథులలో, కొందరు తమ యిండ్లలోనే చలిచేతను, సాయము చేరకయు. బఫెలో నగరపు మృతులలో నల్లజాతివారు జనసంఖ్యలోని తమ పాలుకు మించి యుండిరి. మా చీక్టోవాగాలోనే జే విథీ అను నతడు దారిలో చిక్కుకొని, ఆశ్రయమడిగిన యిండ్లు కాదనగా, ఒక పాఠశాల కిటికీ పగులగొట్టి లోపల చేరి, బయట కార్లలో నున్నవారిని వెదకి తెచ్చి, ఇరువది మందికి పైగా బ్రదికించెను. పోవునప్పుడు కిటికీ పగులగొట్టినందుకు క్షమింపుమని చీటీ వ్రాసిపెట్టిపోయెను. పత్రికలందు ఆ చీటీని చదివి అందరును మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి. ఆశ్రయమియ్యని యిండ్లనుగూర్చి పత్రికలు ఏమియు వ్రాయలేదు. వారెవరో మంచివారే యైయుందురు. పండుగ పనులలో నుండియుందురు.

30వ తేదికి గాలి తిరిగి వెచ్చబడెను. వాకిట మంచు కరగి, మెట్లప్రక్క సంచి బయటపడెను. క్రొవ్వొత్తులు నాలుగును చెక్కుచెదరలేదు. రొట్టె బిళ్ల కాగితములో గంజియై యుండెను. చీటీలోని సిరా కొంత అలికినను చదువుకొనవచ్చును; అబ్బాయి దానిని ఆరబెట్టి తన పుస్తకములో పెట్టుకొనెను. మా అత్తగారు ఆ క్రొవ్వొత్తులు ఎక్కడివని యడిగిరి. అప్పుడు మేమే చెప్పితిమి. గంట మ్రోగుట, చూచుట, తీయవద్దనుట, అంతయు. ఆమె వినిరి. “ఆమెకు చెప్పావా?” అనిరి. లేదంటిమి. “చెప్పు” అని, క్రొవ్వొత్తులు తీసికొనిపోయి వంటయింటి అలమరలో పెట్టిరి.

సంక్రాంతి దినములలో పోయి చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, ఆ కార్ల సంగతి అంతగా మనసున పెట్టుకొంటిరని నాకు తెలియదనెను. మరియేమియు అనలేదు. తేనీరు పోసెను. ఇప్పటికిని ఆమె మా యింటికి వచ్చును, మేము ఆమె యింటికి పోవుదుము; అయినను ఆ దినమున ఆమె మాటలాడని కొంతసేపు మాకు జ్ఞాపకమున్నది.

గంట కెమెరాలో ఆ ఉదయపు దృశ్యము నిలిచియుండెను. తొలినాడు మేము దానిని పూర్తిగా చూడలేదు. ముఖము చూచి వదలితిమి. తరువాత చూచితిమి. నలుబది క్షణములు. ఆమె గంట నొక్కి నిలుచుండెను. వాన టోపీ సర్దుకొనెను. కెమెరా వంక చూచి, అది మనిషి ముఖమైనట్లు చిన్నగా తల యూపెను. లోపల మేమున్నట్లు ఆమెకు తెలిసినదేమో యని తోచును, తెలియదేమో. తరువాత వంగి, దేనినో క్రింద పెట్టి, మెట్ల కడ్డీ పట్టుకొని మెల్లగా దిగిపోయెను. దానిని తుడిచివేయుమని మా వారనిరి. మేమింకను తుడువలేదు.